నాణేనికి మెరుగు పెట్టవచ్చునా?

గడచిన కాలాన్ని మనకు తెలియజేసే ఆధారాలలో శాసనాలు, కట్టడాలు, గ్రంథాలు ప్రధానమైనవి. వాటి సరసన నిలువదగినది నాణెం. శాసనం ఉన్నచోటనే ఉంటుంది. చదవగోరినవాడు దాని వద్దకు పోవాలి. నాణెం అట్లా కాదు. అది టంకశాలలో పుట్టి, వర్తకుని సంచిలో ఊరూరా తిరిగి, కూలివాని పంచె కొంగున ముడివడి, కడకు ఏ చేని మట్టిలోనో నిద్రపోతుంది. రాజు పేరునూ, సామాన్యుని చేతి స్పర్శనూ ఒక్కచోట నిలుపుకొన్న చారిత్రక వస్తువు అదొక్కటే. అటువంటి నాణెం తిరిగి వెలుగు చూసినప్పుడు, దొరికినవాడు మొట్టమొదట చేసే పని దానిని తోమడం. ఈ పని చేయవచ్చునా, కూడదా అన్నదే ఈ వ్యాసంలోని విచారణ. దీనిని పండితుల తర్కంగా కాక, నేను చేసిన ఒక తప్పిదంతోనే ప్రారంభిస్తాను.

మాది అనంతపురం జిల్లా యాడికి. వాన కోసం ఆకాశం వైపు చూడడం అలవాటైన సీమ అది. అప్పుడు నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. తొలకరి వాన పడిన మరునాడు నాయన మడక కట్టాడు. ఎద్దుల వెనుక నడుస్తున్న నా కాలికి చాలులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే గుండ్రని రాగి బిళ్ల. నిలువెల్లా పచ్చని చిలుము, దానిపైన సున్నపు పెచ్చు. వేలితో రుద్దగా చిన్న తొండం ఒకటి లీలగా కనిపించింది. ఇంటికి పరుగెత్తి అవ్వకు చూపించాను.

"చింతపండు పెట్టి తోము నాయనా, చెంబు మాదిరి మెరుస్తుంది" అన్నది అవ్వ.

ఆమె మాటలో దోషం లేదు. ఇంటి ఇత్తడి, రాగి పాత్రలకు తరతరాలుగా ఆమె ఎరిగిన వైద్యం అదే. నేను చింతపండు నానబెట్టి, ఇటుక పొడి చేర్చి, కొబ్బరి పీచుతో సాయంకాలం దాకా రుద్దాను. ఒక వైపు ఏనుగు బయటపడింది. రెండవ వైపు ఏవో అక్షరాలున్నట్లు తోచింది. వాటిని ఎట్లాగైనా చదవాలన్న ఆత్రుతతో ఆ వైపునే మరింత గట్టిగా తోమాను. పొద్దుగూకేసరికి నాణెం కొత్త కాసులా ఎర్రగా మెరిసింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకొన్నారు. అక్షరాలు మాత్రం లేవు.

పది సంవత్సరాల తరువాత, ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేస్తున్న రోజులలో, గ్రంథాలయంలో ఒక నాణేల పట్టిక నా కంటబడింది. అందులో ఏనుగు బొమ్మ గల రాగి పైసాలు టిప్పు సుల్తాన్‌వని ఉంది. ఆయన తన రాజ్యంలోని పెక్కు పట్టణాలకు కొత్త పేర్లు పెట్టి, ఆయా టంకశాలల పేర్లను నాణేల మీద పారశీక లిపిలో వేయించాడు. గుర్రంకొండకు జఫరాబాద్ అనీ, గుత్తికి ఫైజ్ హిసార్ అనీ పేర్లు పెట్టాడు. గుత్తి అనగా మా ఊరికి పొరుగునున్న గుత్తియే! 1776లో మురారిరావు ఘోర్పడే నుండి హైదరాలీ గెలుచుకొన్న ఆ గుత్తి దుర్గం ఛాయలో, టిప్పు కాలంలో రాగి పైసాలు ముద్రింపబడినవన్న సంగతి అంతవరకు నాకు తెలియదు. సెలవులకు ఇంటికి వెళ్లగానే పెట్టె తెరిచి నాణేన్ని చేతిలోకి తీసుకొన్నాను. ఏనుగు ఉంది. వెనుక వైపు నునుపైన రాగి, రెండు వంకర గీతలు. అది గుత్తిలో పుట్టిందో, శ్రీరంగపట్టణంలో పుట్టిందో, మరే ఊరిలో పుట్టిందో చెప్పగలిగే సాక్ష్యాన్ని నా చేతులతో నేనే చెరిపివేశాను. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. నా ఏనుగుకు ఆ భాగ్యం లేకపోయింది.

ఈ నష్టం ఎందువల్ల కలిగిందో తెలుసుకోవాలంటే చిలుము అంటే ఏమిటో తెలియాలి. రాగి నేలలో ఉన్నప్పుడు తేమతో, గాలితో, మట్టిలోని లవణాలతో కలిసి క్రమక్రమంగా మారుతుంది. మొదట ఎర్రని పొర, దానిమీద ఆకుపచ్చని పొర ఏర్పడతాయి. మనం దీనిని మురికి అనుకొంటాం. కాని మురికి బయటి నుండి వచ్చి అంటుకొన్నది. చిలుము నాణెపు లోహమే రూపు మారినది. నాణెం మీది అక్షరం తరచుగా ఈ పొరలోనే నిలిచి ఉంటుంది. పొరను తొలగిస్తే అక్షరం కింద దాగిన అసలు అక్షరం బయటపడదు. ఉన్న అక్షరమే పోతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ముందు పైనున్న సున్నపు పెచ్చును, ఆపైన చిలుమును కరిగిస్తుంది. ఇటుక పొడి మిగిలినదానిని గీకివేస్తుంది. అంతేకాక గట్టిగా, నిలకడగా ఉన్న చిలుము లోపలి లోహానికి కవచం వంటిది. కవచం ఊడదీసిన నాణెం తిరిగి గాలికి, తేమకు గురియై మునుపటికంటె వేగంగా చెడిపోతుంది.

తోమడం వల్ల పోయేది అక్షరం ఒక్కటే కాదు. పూర్వులు నాణేలను గుడ్డ మూటలో కట్టి పాతిపెట్టినప్పుడు, ఆ గుడ్డ నేత గుర్తు చిలుము మీద అచ్చుపడి నిలిచిన సందర్భాలున్నాయి. గుడ్డ మట్టిలో కలిసిపోయినా దాని నేత నాణెం మీద మిగులుతుంది. అంటుకొన్న మట్టి, అది ఎట్టి నేలలో ఉన్నదో చెబుతుంది. అరుగుదల అది ఎంతకాలం చేతులు మారిందో సూచిస్తుంది. తోమిన నాణెంలో కాలం అరగదీసినదేదో, మనం అరగదీసినదేదో వేరుచేయడం నిపుణులకు కూడా కష్టం.

ఇంత చిన్న గుర్తులకు అంత ప్రాధాన్యం ఉన్నదా అని కొందరు అడుగవచ్చు. ఉన్నది. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాత వంశీయుడైన నహపానునివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను తిరిగి ముద్రింపజేశాడు. కొత్త ముద్ర కింద పాత రాజు ముఖపు రేఖలు, పేరులోని అక్షరాలు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఒక రాజు మరొక రాజును జయించాడన్న వార్తకు ఇంతకంటె ప్రత్యక్షమైన సాక్ష్యం ఏముంటుంది? ఆ అడుగు ముద్రలను ఎవరైనా మెరుగు కోసం రుద్ది ఉంటే, ఒక విజయగాథలో సగభాగం మౌనం వహించి ఉండేది.

మన తెలుగు నేల మీదనే మరొక ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాలలో శాతవాహన వంశ మూలపురుషుని నాణేలు లభించాయి. పురాణాలలో ఆయన పేరు శిముకుడని, శిశుకుడని, సింధుకుడని పలు పాఠాంతరాలతో కనిపిస్తుంది. ప్రతులు రాసిన లేఖకుల చేతిలో పేరు అట్లా మారిపోయింది. కోటిలింగాల నాణేల మీద మాత్రం బ్రాహ్మీ లిపిలో చిముక అని స్పష్టంగా ఉంది. అక్కడనే గోబద, నారన, కంవాయస, సమగోప అనే పేర్లు గల నాణేలూ దొరికాయి. శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఆ ప్రభువులు మనకు తెలిసింది నాణేల వల్లనే. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని శ్రద్ధతో పరిశీలించినందువల్ల ఆంధ్రదేశ చరిత్రలో కొత్త అధ్యాయం చేరింది. అవి కూడా మట్టిలో దొరికినవే, చిలుము పట్టినవే. దొరికిన పూటనే చింతపండు తగిలి ఉంటే నారన అన్న పేరును మనం నేడు పలికి ఉండేవారం కాము.

ఇక గుత్తికి సమీపంలోనే ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. వాటిని నేడు మనం చదవగలుగుతున్నామంటే 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించడం వల్లనే. ఆయన టంకశాలలో లోహపరీక్ష చేసే ఉద్యోగి. ఒక వైపు గ్రీకు, మరొక వైపు భారతీయ లిపి గల నాణేలు మన ప్రాచీన లిపులను చదవడంలో పండితులకు తోడ్పడ్డాయి. రాతి మీది అక్షరాన్ని చదవడానికి లోహం మీది అక్షరం దారి చూపిందన్నమాట.

ఇప్పుడు అవతలి పక్షం వారి వాదాన్ని కూడా న్యాయంగా పరిశీలించాలి. "చదవడానికి వీలులేని నాణెం ఉన్నా లేకున్నా ఒక్కటే. పురావస్తు శాఖ వారే తవ్వకాలలో దొరికిన నాణేలను శుభ్రపరుస్తారు కదా! వారు చేస్తే శాస్త్రం, మేము చేస్తే అపచారమా?" అని సేకర్తలు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నలో బలం ఉంది. శాతవాహనుల నాణేలు ముద్దలు ముద్దలుగా అతుక్కొని దొరికినప్పుడు వాటిని విడదీయక, పైపొరను తొలగించక చదవడం అసాధ్యం. కాబట్టి శుభ్రపరచడమే తప్పు అని నేను అనడం లేదు. అయితే ఆ పని చేసే నిపుణుడు ముందు నాణేన్ని తూచి, కొలిచి, ఛాయాచిత్రం తీసి, అది ఏ లోహమో నిర్ణయించుకొంటాడు. భూతద్దం కింద సన్నని పరికరంతో అవసరమైన మేరకే పొరను తీస్తాడు. తాను చేసిన ప్రతి పనినీ రాసిపెడతాడు. అన్నిటికీ మించి, ఎక్కడ ఆగవలెనో అతనికి తెలుసు. అతని లక్ష్యం అక్షరం. మన లక్ష్యం మెరుపు. భేదం అంతా ఇక్కడనే ఉంది.

లోహాన్ని బట్టి కూడా వివేకం మారాలి. బంగారం తుప్పు పట్టదు. కనుక విజయనగర వరహాకు అంటిన మట్టి మంచినీటితో, మెత్తని స్పర్శతో పోతుంది. రుద్దితే మాత్రం మెత్తని లోహం గీతలు పడుతుంది. వెండి నల్లబడుతుంది, ఆ నలుపు గంధకంతో కలిసిన వెండియే గనుక, దానిని తీసిన ప్రతిసారీ కొంత వెండి కూడా పోతుంది. శాతవాహనులు విరివిగా వాడిన సీసపు నాణేల సంగతి మరీ సున్నితం. చింతపండు, పుల్లని మజ్జిగ, వెనిగర్ వంటివి సీసాన్ని తెల్లని పొడిగా మార్చివేస్తాయి. కొన్ని రకాల చెక్క పెట్టెలలోని ఆమ్లపు ఆవిరి కూడా దానికి శత్రువే. స్వేదనజలంలో నానబెట్టడం సైతం సీసానికి మంచిది కాదు. ఒక్క మందు అన్ని రోగాలకు పనికిరానట్లే, ఒక్క పద్ధతి అన్ని నాణేలకు పనికిరాదు.

నాణేన్ని శుభ్రపరచక తప్పని సందర్భం ఒకటుంది. రాగి, కంచు నాణేల మీద గట్టి చిలుముకు బదులు లేత ఆకుపచ్చని పొడి రాలుతూ ఉంటే, లోపల క్లోరైడు లవణాలు తేమతో కలిసి లోహాన్ని తినివేస్తున్నాయని గ్రహించాలి. దీనిని కంచు వ్యాధి అంటారు. దానిని చూస్తూ ఊరుకొంటే నాణెం పొడిగా మిగులుతుంది. అట్టి నాణేన్ని తక్కినవాటి నుండి వేరుచేసి, పొడి వాతావరణంలో ఉంచి, నిపుణుని వద్దకు చేర్చాలి. రోగికి వైద్యం చేయించడం వేరు, ఆరోగ్యవంతునికి అలంకారం పేరిట చర్మం ఒలవడం వేరు.

మన ఇళ్లలో నాణేనికి మరొక స్థానం కూడా ఉంది. పూజామందిరంలో పట్టాభిషేక రాముని బొమ్మ గల టంకాలు, తాతల నాటి వరహాలు పసుపు కుంకుమలు అందుకొంటూ ఉంటాయి. కాసులకు కొక్కేలు అతికించి మెడలో పేరుగా ధరించారు మన ముత్తవ్వలు. చరిత్ర దృష్టితో అవి చెడిన నాణేలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పూజలోని టంకం, మెడలోని కాసు ఇంకా జీవిస్తున్న వస్తువులు. వాటి మీది పసుపు, వాటికి అతికిన కొక్కెం కూడా చరిత్రయే. అయినా ప్రతి పండుగకు చింతపండుతో తోమడం మాని, తడిగుడ్డతో తుడవడంతో సరిపెట్టుకొంటే భక్తికి లోటు రాదు. బొమ్మ మరికొన్ని తరాలు నిలుస్తుంది.

వ్యాపారం మాట వేరు. మెరిసే నాణెం సంతలో త్వరగా అమ్ముడుపోతుంది. కాని తెలిసిన సేకర్త మెరుపు చూసి వెనుకాడతాడు. తోమిన నాణేనికి తక్కువ వెల కడతాడు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అతనికి గుర్తుంటుంది. విశేషమేమంటే, తోమిన నాణేలకు కృత్రిమంగా చిలుము పట్టించి అమ్మేవారు కూడా ఉన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల?

నేను సాహిత్య విద్యార్థిని. నాకు ఈ సమస్య మొత్తం తాళపత్ర గ్రంథాల పరిష్కరణలాగా కనిపిస్తుంది. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికినప్పుడు, పరిష్కర్త తన రుచికి తగినట్లు పద్యాన్ని దిద్ది, పాత పాఠాన్ని పారవేస్తే అది పరిష్కరణ కాదు, పరాభవం. ఉత్తముడైన పరిష్కర్త తనకు సమ్మతమైన పాఠాన్ని పైన ఉంచి, తక్కిన పాఠాంతరాలను అడుగున చూపుతాడు. రేపటి పండితుడు తనకంటె బాగా చదవవచ్చునన్న వినయం అతనికి ఉంటుంది. కడపలో నివసించిన సి.పి. బ్రౌన్ ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించకపోతే మన కావ్యాలు ఎన్నో చెదలపాలయ్యేవి. తాళపత్రం శిథిలమైనా దానికి మరొక ప్రతి ఉండవచ్చు. మా చేనిలో దొరికిన నాణేనికి మరొక ప్రతి లేదు. శ్రీనాథునికి కనకాభిషేకం జరిగిన కథను, కావ్యాలలోని మాడలను, టంకాలను, గద్యాణాలను ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకు, చేతికి చిక్కిన ఒక్క పైసాను ఎట్లా పట్టుకోవాలో తెలియకపోవడం నేటికీ సిగ్గు కలిగిస్తుంది.

నాణేన్ని ఎట్లా కడగాలి అన్నదానికంటె ముందు, అది ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలచినప్పుడు లోహపు విలువకు అయిదవ వంతు చేర్చి చెల్లించే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. నూరేళ్లు దాటిన నాణేన్ని సొంతంగా విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది. ఈ సంగతులు తెలియక, అధికారులంటే భయపడి, పల్లెలలో దొరికిన నాణేలను కంసాలి మూసలో కరిగించేవారు ఉన్నారు. తోమిన నాణెంలో ఏనుగైనా మిగిలింది. కరిగిన నాణెంలో ఏమీ మిగలదు. రైతుకు భరోసా కలిగేలా ఈ మాటను చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న మన అందరిపైనా ఉంది.

ఈ మధ్యనే, తొలకరి నాళ్లలో, మా కళాశాల విద్యార్థి ఒకడు రుమాలులో చుట్టిన రాగి నాణేన్ని నా వద్దకు తెచ్చాడు.

"నిమ్మకాయ పెట్టి రుద్దమంటారా సార్?" అని అడిగాడు.

"వద్దు నాయనా" అన్నాను. నా గొంతులో ధ్వనించిన ఆందోళన చూసి అతడు ఆశ్చర్యపోయాడు. ఇద్దరం కలిసి దానిని తూచాం, రెండు వైపులా ఛాయాచిత్రాలు తీశాం. బ్యాటరీల దుకాణంలో దొరికే స్వేదనజలంలో కొన్ని దినాలు ఉంచి, నీరు మారుస్తూ వచ్చాం. మట్టి వదిలింది. ఒక వైపు ఏదో జంతువు వీపు తెలుస్తున్నది. రెండవ వైపు పెచ్చు కదలలేదు. అతడు నిరాశ పడ్డాడు. "ఇంకొంచెం గీకితే తెలుస్తుందేమో సార్" అన్నాడు. నా పెట్టెలోని మెరిసే పైసాను తెచ్చి అతని చేతిలో పెట్టి, వెనక్కి తిప్పి చూడమన్నాను. నునుపైన ఆ రాగి మీద అతడు చాలాసేపు వేలు పెట్టి చూశాడు. ఆ తరువాత తన నాణేన్ని ఒక కాగితపు కవరులో ఉంచి, దానిమీద ఊరి పేరు, చేని పేరు, దొరికిన తేదీ రాశాడు. జిల్లాలోని పురావస్తు అధికారులకు చూపించడానికి వాళ్ల నాన్నను ఒప్పించే పని కూడా తానే నెత్తిన వేసుకొన్నాడు.

ఆ పెచ్చు కింద ఏమున్నదో నాకు తెలియదు. ఫైజ్ హిసార్ అని ఉండవచ్చు, మరొకటి ఉండవచ్చు. కాని అది అక్కడే ఉంది. ప్రాచీన వస్తువుల పట్ల మన కర్తవ్యం వాటిని మనకు నచ్చినట్లు మెరిపించడం కాదు. మనకంటె బాగా చదవగలవారి చేతికి చేరేదాకా వాటిని చెడకుండా అందించడం. పాత్రను తోమితే ఇల్లాలికి పేరు వస్తుంది. నాణేన్ని తోమకుండా ఉంచినవానికి పేరు రాకపోవచ్చు గాని, మన ఊరి పేరు దానిమీద మిగిలే అవకాశం ఉంటుంది.